హైదరాబాదు అపార్ట్‌మెంట్‌లో ఉప్పునీటి రీఫ్ ట్యాంకు: మొదట దేని మీద ఖర్చు పెట్టాలి?

ప్రశ్న: చెరువుగట్టు, హైదరాబాదు

సభ్యులందరికీ నమస్కారం. చాలా కాలంగా మంచినీటి మొక్కల ట్యాంకు నడుపుతున్నాను. ఇప్పుడు హాలులో ఒక ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే తొట్టె) ఏర్పాటు చేసుకోవాలని ఉంది. మేము ఉండేది నాలుగో అంతస్తులో. మూడు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు గల ట్యాంకునూ, దాని కింద స్టాండులో సంప్‌నూ (పంపు, వడపోత సామాను ఉండే రెండో తొట్టె) పెట్టాలన్నది నా ఆలోచన.

దుకాణంలో అడిగితే ఒక జాబితా రాసి ఇచ్చారు. అందులో ఖరీదైన ఎల్‌ఈడీ లైటు, రెండు వేవ్‌మేకర్లు (నీటిని కదిలించే పంపులు), స్కిమ్మరు (వ్యర్థాలను నురగగా తీసేది), ఇరవై కిలోల లైవ్ రాక్ (సూక్ష్మజీవులు పట్టిన దిబ్బ రాయి), హార్డ్ కోరల్స్ (రాతి పగడాలు) కొన్ని, ఒక జత క్లౌన్ చేపలు ఉన్నాయి. చిల్లరు (నీటిని చల్లబరచే యంత్రం) సంగతి అడిగితే, అది తరువాత చూసుకోవచ్చు, ప్రస్తుతానికి రెండు చిన్న ఫ్యాన్లు చాలని చెప్పారు. మాకు కొన్ని రోజులు మంజీరా నీరు, మిగిలిన రోజులు బోరు నీరు వస్తుంది. వంటగదిలో ఆర్‌ఓ ప్యూరిఫయరు ఉంది కాబట్టి ఆ నీటిలోనే సముద్రపు ఉప్పు కలపవచ్చని అనుకుంటున్నాను. మా అత్తగారి ఊరు విశాఖపట్నం. అక్కడి నుంచి సముద్రపు నీరు, ఇసుక తెచ్చుకుంటే మేలని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు.

ఒకేసారి అన్నీ కొనే స్తోమత లేదు. ఏది ముందు కొనాలో, ఏది ఆగవచ్చో, ఈ జాబితాలో అసలు ఉండకూడనిది ఏదైనా ఉందో అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని మనవి.

సమాధానం: ఉప్పుగాలి, విశాఖపట్నం

చెరువుగట్టు గారూ, మా ఊరి ప్రస్తావన వచ్చింది కాబట్టి ఆ భాగానికి నేను సమాధానం చెబుతాను. సముద్రానికి నడక దూరంలో ఉండి కూడా నేను నా ట్యాంకులో దాని నీరు వాడను. బంగాళాఖాతం ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వంటి నదులన్నీ తెచ్చి పోసిన మంచినీరు తీరం దగ్గర పైపొరగా నిలుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతూ ఆ పలుచని నీటిని మన ఒడ్డు మీదుగా దించుతుంది. రీఫ్ జీవులకు కావలసింది వెయ్యికి 35 పాళ్ళ ఉప్పదనం. ఆ నెలల్లో ఒడ్డున ముంచిన నీటిలో అది ఉండదు. పైగా ఇక్కడ నౌకాశ్రయం ఉంది, పరిశ్రమలు ఉన్నాయి, నగరపు మురుగు కలిసే గెడ్డలు ఉన్నాయి. అన్నిటికీ మించి, డబ్బాల్లో మూసి హైదరాబాదు చేర్చేలోగా ఆ నీటిలోని సూక్ష్మజీవులు చనిపోయి కుళ్ళడం మొదలవుతుంది. మన తీరంలో లక్షద్వీప్‌లోనో మన్నార్ సింధుశాఖలోనో ఉన్నటువంటి పెద్ద పగడపు దిబ్బలు లేకపోవడానికి ఈ నదీజలాలు, అవి మోసుకొచ్చే ఒండ్రు ముఖ్య కారణాలు. పగడాలు ఉండలేని నీటిని పగడాల కోసం మోసుకుపోవడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇసుక విషయమూ అంతే. రీఫ్ ట్యాంకులో వేసే ఇసుక అరగొనైట్, అంటే గవ్వలు, పగడాల పొడితో ఏర్పడిన కాల్షియం కార్బొనేట్. విశాఖ, భీమిలి తీరాల ఇసుక ప్రధానంగా క్వార్ట్జ్. అందులో నల్లగా, ఎర్రగా కనిపించే చారలు ఇల్మనైట్, గార్నెట్ వంటి బరువైన ఖనిజాలు. ఇల్మనైట్‌లో ఇనుము ఉంటుంది. ట్యాంకులో దానివల్ల ఒరిగే లాభం ఏమీ లేదు.

మీరు అడగలేదు గానీ, ఈ దారిలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక రోజు కల్లుప్పు గుర్తుకొస్తుంది. అదీ సముద్రపు నీటి నుంచే వచ్చింది కదా అనిపిస్తుంది. నౌపడాలోనో చినగంజాంలోనో ఉప్పు మడులు చూసినవారికి తెలుస్తుంది: నీరు ఆవిరయ్యే కొద్దీ మొదట కాల్షియం లవణాలు అడుగున పేరుకుంటాయి, ఆ తరువాత తినే ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం లవణాలు మిగిలిన చేదు నీటిలో ఉండిపోతే ఆ నీటిని వదిలేస్తారు. అంటే కల్లుప్పు తయారయ్యేదే పగడాలకు కావలసిన కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని విడదీయడం వల్ల. రీఫ్ కోసం తయారుచేసిన సింథటిక్ ఉప్పే కొనండి. లీటరుకు సుమారు 36 గ్రాములు పడుతుంది. మీ ట్యాంకు, సంప్ కలిసి 220 లీటర్లు అనుకుంటే మొదటిసారి నింపడానికే 8 కిలోలు అవుతుంది. ఎప్పుడూ నీటిలో ఉప్పు వేయాలి తప్ప ఉప్పు మీద నీరు పోయకూడదు. అలా పోస్తే చిక్కని ద్రావణంలో కాల్షియం, కార్బొనేట్ ఒకదానినొకటి పట్టుకుని తెల్లని సుద్దగా అడుగున చేరిపోతాయి.

ఫ్యాన్ల విషయంలో ఒక్క మాట. మా ఊరి తేమలో అవి దాదాపు పనిచేయవు. మీ ఊరి పొడి ఎండల్లో కొంత పనిచేస్తాయి. ఎంతవరకన్నది హైదరాబాదు సభ్యులు చెప్పాలి.

సమాధానం: సంప్‌మాస్టారు, హైదరాబాదు

ఆ కొంత ఎంతో లెక్కకట్టి చూద్దాం, ఎందుకంటే ఈ ప్రశ్న అంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఫ్యాను గాలి నీటిని ఆవిరి చేస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడినట్లే ట్యాంకులో నీళ్ళూ చల్లబడతాయి. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,400 కిలోజౌళ్ళ వేడి కావాలి. 220 లీటర్ల ఉప్పునీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే దాదాపు 900 కిలోజౌళ్ళు తీసేయాలి. అంటే ఒక లీటరు ఆవిరైతే, బయటి నుంచి వేడి రాకపోతే, రెండున్నర డిగ్రీలకు పైగా తగ్గాలి. వినడానికి బాగానే ఉంది. కానీ వేడి వస్తూనే ఉంటుంది. పంపులు, లైటు కలిసి 100 వాట్ల వేడిని నీటిలోకి వదిలితే గంటకు 360 కిలోజౌళ్ళు. చుట్టూ ఉన్న గది గాలి దానికి అదనం. మే నెలలో మధ్యాహ్నం మన హాలు 34 డిగ్రీలు ఉన్నప్పుడు ఫ్యాన్లు నీటిని 30 దగ్గర నిలబెడితే గొప్పే. రీఫ్‌కు కావలసింది 24 నుంచి 27. పగడాల కణాల్లో ఉండి వాటికి ఆహారం అందించే సూక్ష్మ శైవలాలు, తాము అలవాటుపడిన వేసవి గరిష్ఠం మీద ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువ వేడి కొన్ని వారాలు నిలిచినా చాలు, పగడాన్ని వదిలి వెళ్ళిపోతాయి. సముద్రంలో పగడాలు తెల్లబోవడం అంటే అదే. వేడి నీటిలో ప్రాణవాయువు కూడా తగ్గుతుంది: 25 డిగ్రీల సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాములు పడితే, 30 డిగ్రీల దగ్గర 6.2 మాత్రమే.

కాబట్టి ఆ దుకాణదారు చివరకు నెట్టిన చిల్లరే మీ జాబితాలో మొదటిది కావాలి. హాలులో పగలూ రాత్రీ ఏసీ నడిచే ఇల్లయితే తప్ప దీనికి మినహాయింపు లేదు. దానిని స్టాండు లోపల తలుపులు మూసి పెట్టకండి. చిల్లరు నీటి నుంచి లాగిన వేడినీ, తాను వాడిన విద్యుత్తు వేడినీ వెనుక నుంచి బయటకు వదులుతుంది. మూసిన అరలో ఆ వేడి తిరిగి సంప్‌లోకే చేరి యంత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. వీలైతే పైపు కొంచెం పొడవుగా వేసి నీడ ఉన్న యుటిలిటీ వైపు పెట్టండి. కరెంటు ఖర్చు అంచనాకు ఒక సులభమైన లెక్క: ఆగకుండా నడిచే ప్రతి 100 వాట్లకు నెలకు 72 యూనిట్లు. పంపుల మీద రాసి ఉన్న వాట్లు కూడితే మీ బిల్లు ఎంత పెరుగుతుందో కొనకముందే తెలుస్తుంది.

రెండవది నీరు. వంటగది ప్యూరిఫయరు నీరు వద్దు. ఆ యంత్రాలలో చాలావాటికి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలరు ఉంటుంది. రుచి కోసం కొంత వడగట్టని నీటిని తిరిగి కలపడమే దాని పని. కొన్నిటిలో ఖనిజాల కార్ట్‌రిడ్జ్ ఉంటుంది. ఇటీవల ఆరోగ్యం పేరుతో రాగిని కలిపేవి ఎక్కువగా అమ్ముతున్నారు. మనకు మంచిదో కాదో నేను చెప్పలేను గానీ, రొయ్యలకు, నత్తలకు, పగడాలకు రాగి విషం. ఆర్‌ఓ తరువాత డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టుకునే గుళికలు) ఉన్న విడి యూనిట్ పెట్టుకోండి. బోరు నీటి టీడీఎస్ 800 ఉందనుకుందాం. మెంబ్రేన్ 96 శాతం ఆపినా 32 మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని సున్నాకు దించేది రెజిన్. మంజీరా నీరు వచ్చే రోజునే నీరు పట్టి నిల్వ చేసుకుంటే రెజిన్ ఎక్కువ కాలం వస్తుంది. రెజిన్ అయిపోతున్నప్పుడు మొదట జారిపోయేవాటిలో సిలికా ఒకటి. ఇసుక మీద మళ్ళీ మళ్ళీ గోధుమ రంగు పొర కడుతుంటే మీటరు సున్నా చూపిస్తున్నా రెజిన్‌ను అనుమానించవలసిందే.

ఆవిరైపోయేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉంటుంది. రోజుకు మూడు లీటర్ల చొప్పున ఐదు రోజులు నింపకపోతే 35 ఉన్న ఉప్పదనం 37 దాటుతుంది. అందుకే తగ్గిన మేర మంచి ఆర్‌ఓ డీఐ నీటిని తనంతట తానే పోసే ఆటో టాప్-అప్‌ను నేను విలాసంగా లెక్కించను. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరును ఉత్త నీటితో కాకుండా 35 పాళ్ళ ప్రామాణిక ద్రావణంతో సరిచేసుకోండి.

ఇక కరెంటు పోవడం. ఆగిన మరుక్షణం పై ట్యాంకు నీరు పైపుల గుండా సంప్‌లోకి దిగుతుంది. మీ కొలతల ట్యాంకులో ఒక సెంటీమీటరు ఎత్తు అంటే సుమారు 4.2 లీటర్లు. నీటిని పైకి పంపే పైపు మూతి ఉపరితలానికి ఐదు సెంటీమీటర్ల కింద ఉంటే, సైఫన్ (పైపు గుండా దానంతటదే కిందికి లాగే ధార) తెగేలోగా 21 లీటర్లు కిందికి వస్తాయి. సంప్‌లో ఎప్పుడూ 25 లీటర్లకు తక్కువ కాని ఖాళీ ఉండాలి, పైపు మూతిని ఉపరితలానికి దగ్గరగా ఉంచాలి. సైఫన్ తెంచడానికి పైపుకు వేసే చిన్న రంధ్రం మీద ఆధారపడవద్దు, దానిని నాచు మూసేస్తుంది. ట్యాంకు నింపిన రోజే చేతులారా స్విచ్ ఆపి, నీరు ఎక్కడ నిలుస్తుందో చూడండి. కింది అంతస్తు వారితో సఖ్యత దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

అంతస్తు ఎత్తుతో సమస్య లేదు, బరువుతో ఉంది. నీరు, గాజు, రాళ్ళు, సంప్, స్టాండు కలిపితే 400 కిలోల దరిదాపులకు వస్తుంది. అది నిలిచే చోటు అర చదరపు మీటరు కూడా లేదు. నివాస గదుల స్లాబులకు భారతీయ ప్రమాణం నిర్దేశించే భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. అది గది మొత్తం మీద పరచిన భారం లెక్క కాబట్టి ఒక మూల అంతకు మించితే స్లాబు కూలిపోతుందని అర్థం కాదు. అయినా గది మధ్యలో కాకుండా, కింద బీము ఉన్న గోడను ఆనుకుని, పొడవు బీము వెంబడి ఉండేలా పెట్టండి. నాలుగు అడుగుల ట్యాంకు మీద మనసు పడితే మాత్రం ముందు స్ట్రక్చరల్ ఇంజనీరును అడగండి.

లైటును ఆఖరున కొనండి. పగడం లేని ట్యాంకుకు మంచి లైటు పెట్టడం నాచును పెంచడానికే.

సమాధానం: శంఖుతీర్థం, చెన్నై

పై సమాధానాలలో ఎవరూ ముట్టని విషయం మీ జాబితాలోనే ఉంది. హార్డ్ కోరల్స్, లైవ్ రాక్ అన్న రెండు పంక్తులను ఈరోజే కొట్టేయండి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 లోని షెడ్యూల్ 1 లోకి 2001లో దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ, అంటే స్క్లెరాక్టీనియా వర్గం మొత్తాన్నీ చేర్చారు. నల్ల పగడాలు, ఆర్గన్ పైప్ కోరల్, ఫైర్ కోరల్, సముద్రపు విసనకర్రలుగా కనిపించే గోర్గోనియన్లు కూడా అందులో ఉన్నాయి. సముద్రపు గుర్రాలన్నీ, సముద్ర దోసకాయలన్నీ ఉన్నాయి. ఇది పులికి ఉన్న రక్షణతో సమానమైనది. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ళ జైలు. ప్రాణం ఉన్నదానికే ఈ చట్టం వర్తిస్తుందనుకోవద్దు. ఎండిన పగడపు ముక్కను అమ్మినా నేరమే. లైవ్ రాక్ పేరుతో ఇక్కడ అమ్మేది చాలావరకు దిబ్బ నుంచి విరిచిన పగడపు అస్థిపంజరమే అయి ఉంటుంది. అందుకే దాని బదులు సిరామిక్ రాళ్ళు గానీ, అరగొనైట్ పొడిని సిమెంటుతో కలిపి పోసిన రాళ్ళు గానీ వాడుకోవాలి. సిమెంటు రాళ్ళను నీరు మారుస్తూ వారాల తరబడి నానబెట్టి, పీహెచ్ పెరగడం ఆగిన తరువాతే ట్యాంకులో పెట్టండి.

విదేశాల నుంచి తెచ్చిన పగడాలు కాబట్టి ఫరవాలేదని దుకాణంలో చెబుతారు. హార్డ్ కోరల్స్ అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ ఒప్పందం రెండవ అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటకూడదు. 2022 సవరణ చట్టం ద్వారా సైట్స్ జాబితా జీవులను ఉంచుకునేవారు వాటిని నమోదు చేసుకోవలసిన నిబంధన కూడా వచ్చింది. పత్రాలు చూపని చోట కొనకండి.

మరి ఏమి పెట్టుకోవాలి? మష్రూమ్ పగడాలు, జోయాంథిడ్లు, లెదర్ కోరల్స్ వంటి మెత్తని జాతులు పైన చెప్పిన జాబితాలో లేవు. వాటినైనా మన సముద్రం నుంచి తీసినవి కాకుండా, పెంపకంలో ముక్కలు చేసి పెంచినవి, బిల్లుతో కొనండి. చేపలలో క్లౌన్ జాతులను మన దేశంలోనే గుడ్ల నుంచి పెంచుతున్నారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాలలో ఈ పద్ధతిని అభివృద్ధి చేసి హేచరీలకు అందించింది. హేచరీ చేప మొదటి రోజు నుంచే గుళికల మేత తింటుంది, సముద్రంలో పట్టిన చేపలాగా బెంగతో మాడదు. దానికి సముద్రపు పువ్వు (సీ అనెమొనీ) తోడు ఉండి తీరాలన్న నియమమూ లేదు.

సమాధానం: అలల అంచు, డాలస్

నేను ఉండేది అమెరికాలో కాబట్టి నా మాటలను ఆ మేరకు సరిచూసుకుని చదవండి. ఇక్కడ ఇల్లంతా ఏడాది పొడవునా ఒకే చల్లదనంలో ఉంటుంది, అందువల్ల చిల్లరు ఉన్నవారు నా పరిచయస్థులలో అరుదు. ఫ్లోరిడా తీరంలో అద్దెకు తీసుకున్న సముద్రపు అడుగున రాళ్ళు వేసి, కొన్నేళ్ళకు వాటిని పైకి తీసి లైవ్ రాక్‌గా అమ్ముతారు. ఈ రెండు వసతులూ మీకు లేవు. ఇక్కడి వీడియోలు చూసి జాబితా రాసుకుంటే మీకు పొరపడడానికి అవకాశం ఎక్కువ.

సంప్‌మాస్టారు గారితో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. లైటు ఆఖరున కొనమనడం సరే, కానీ చౌకగా కొనమని ఎవరూ అర్థం చేసుకోకూడదు. మెత్తని జాతులకు 50 నుంచి 150 పార్ (కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురు కొలత) వెలుతురు సరిపోతుంది. కొమ్మల హార్డ్ కోరల్స్‌కు కావలసిన 200, 300 మీకు అక్కరలేదు, కాబట్టి దుకాణదారు రాసినంత ఖరీదైన లైటూ అక్కరలేదు. కానీ చవకైన నీలి ఎల్‌ఈడీ పట్టీలలో పార్ ఎంతో తయారీదారే చెప్పడు. పార్ పట్టిక ప్రచురించిన లైటు ఏదైనా చిన్నది కొని, రోజుకు ఎనిమిది నుంచి పది గంటలు వెలిగించండి. స్కిమ్మరు విషయంలో కూడా నాకు తొందర లేదు. చేపలు తక్కువగా ఉన్న మెత్తని పగడాల ట్యాంకులో వారానికి పది శాతం నీరు మార్చేవారికి మొదటి ఏడాది స్కిమ్మరు లేకున్నా గడుస్తుంది. ఉంటే ప్రాణవాయువు అందించడంలో సాయపడుతుందన్న మాట నిజమే.

మంచినీటి ట్యాంకు అనుభవం మీకు ఉంది గనుక అమోనియా, నైట్రైట్, నైట్రేట్ చక్రం (వ్యర్థాల అమోనియాను బ్యాక్టీరియా వరుసగా మార్చే క్రమం) కొత్త కాదు. అయితే పొడి సిరామిక్ రాళ్ళతో మొదలుపెట్టిన ఉప్పునీటి ట్యాంకులో బ్యాక్టీరియా స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సీసాలో వచ్చే బ్యాక్టీరియా, లీటరుకు 2 మిల్లీగ్రాముల అమోనియాతో చేపలు లేకుండానే చక్రం పూర్తిచేయండి. ఆ తరువాత గోధుమ పొర, ఆకుపచ్చ నాచు వరుసగా వస్తాయి. వాటిని చూసి భయపడి నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను సున్నాకు దించే మందులు వాడవద్దు. రెండూ సున్నా అయిన కొత్త ట్యాంకులలోనే డైనోఫ్లాజెల్లేట్లు అనే సూక్ష్మజీవులు జిగురులాగా పట్టుకుంటాయి, వాటిని వదిలించడం నాచును వదిలించడం కన్నా ఎంతో కష్టం. లీటరుకు నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే నేను వాటిని కదిలించను.

మెత్తని జాతులు కాల్షియాన్ని పెద్దగా వాడవు. ఆల్కలినిటీ (నీటిలోని కార్బొనేట్ల నిల్వ) దాని కొలమానమైన డీకేహెచ్‌లో 8 లేదా 9, లీటరుకు కాల్షియం 420, మెగ్నీషియం 1,300 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే, నీటి మార్పుతోనే అవి నిలబడతాయి, డోసింగ్ పంపులు కొననవసరం లేదు. ఎప్పుడైనా కావలసివస్తే సున్నపు తేట అన్నిటికన్నా పాత పద్ధతి. తేరిన నీటిని మాత్రమే బొట్లుబొట్లుగా వేయాలి, ఎందుకంటే దాని పీహెచ్ 12 దాటి ఉంటుంది. తాంబూలంలో వేసే సున్నం మాత్రం వాడకండి, అందులో ఏమి కలిసిందో ఎవరికీ తెలియదు.

రెండు హెచ్చరికలు. చేపలను నేరుగా ట్యాంకులో వదలకండి. తెల్లమచ్చల జబ్బు తెచ్చే క్రిప్టోకారియాన్ పరాన్నజీవి ఒకసారి ప్రవేశిస్తే, దానికి మందైన రాగిని పగడాలున్న నీటిలో వాడలేరు. చేపలన్నిటినీ వేరే తొట్టెలోకి మార్చి ప్రధాన ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా ఉంచమని ఇక్కడి అభిరుచిదారులు సలహా ఇస్తారు. దానికన్నా కొత్త చేపను ముందే కొన్ని వారాలు విడిగా ఉంచడం తేలిక. రెండవది మీ ఇంట్లో వారికి సంబంధించినది: జోయాంథిడ్లలో, ముఖ్యంగా పాలిథోవా జాతులలో, పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉండవచ్చు. వాటిని ముట్టేటప్పుడు చేతి తొడుగులు, కళ్ళద్దాలు వాడండి. అవి అంటుకున్న రాయిని శుభ్రం చేయాలని ఎన్నడూ ఉడకబెట్టవద్దు. ఆ ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి.

ప్రశ్న వేసినవారి స్పందన: చెరువుగట్టు, హైదరాబాదు

ఇంత వివరంగా రాసిన అందరికీ ధన్యవాదాలు. హార్డ్ కోరల్స్, లైవ్ రాక్, విశాఖ నీరు, ఇసుక కొట్టేశాను. చిల్లరు, ఆర్‌ఓ డీఐ యూనిట్, ఆటో టాప్-అప్ పైకి వచ్చాయి. ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. మా ఇన్వర్టరు మీద ఫ్యాన్లు, లైట్లు మాత్రమే ఉన్నాయి. ట్యాంకు మొత్తాన్ని దాని మీద నడపవచ్చునా? ఏటా సంక్రాంతికి వారం రోజులు ఊరు వెళ్తాము. అప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు. టాప్-అప్‌కు పెద్ద డ్రమ్ము పెడితే సరిపోతుందా?

సమాధానం: సంప్‌మాస్టారు, హైదరాబాదు

ఇన్వర్టరు మీద ట్యాంకు మొత్తాన్ని పెట్టకండి. చిల్లరు కంప్రెసరు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును చిన్న ఇన్వర్టర్లు తట్టుకోలేవు. కరెంటు లేని గంటల్లో ట్యాంకుకు కావలసింది చల్లదనం కన్నా ముందు ప్రాణవాయువు. ఒక వేవ్‌మేకరును ఉపరితలం వైపు తిప్పి దానిని మాత్రమే ఇన్వర్టరు లైనుకు కలపండి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో సగమే వాడుకున్నా 900 వాట్-గంటలు వస్తాయి; 20 వాట్ల పంపు ఒక్కటే ఉంటే అది నలభై గంటలకు పైగా నడుస్తుంది. అయితే మీ గది ఫ్యాన్లు కూడా అదే బ్యాటరీని తాగుతాయి, కాబట్టి ఊరు వెళ్ళేటప్పుడు ఫ్యాన్ల స్విచ్‌లు ఆపారో లేదో చూసుకోండి. మీ ఇన్వర్టరు స్క్వేర్ వేవ్ రకమైతే ఏసీ మోటారు పంపులు దాని మీద మోత చేస్తాయి, వేడెక్కుతాయి; అడాప్టరుతో నడిచే 24 వోల్టుల డీసీ పంపు అయితే ఆ బాధ తక్కువ.

ట్యాంకు ప్లగ్గులన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ రక్షణ తప్పనిసరి. చాలా అపార్ట్‌మెంట్లలో ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) ఉంటుంది. గీజరులో చిన్న లీకేజీ వచ్చినా అది పడిపోయి, మీరు ఊళ్ళో ఉండగా ట్యాంకు కూడా ఆగిపోతుంది. ఎలక్ట్రీషియనుతో ట్యాంకుకు విడిగా ఒక ఆర్‌సీబీఓ (లీకేజీతో పాటు అధిక కరెంటునూ ఆపే స్విచ్) పెట్టించండి. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరకు వెళ్ళేముందు కిందికి వంగి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా కిందే రాలిపోతుంది.

పెద్ద డ్రమ్ము వద్దు. టాప్-అప్ ఫ్లోట్ (నీటిమట్టం చూసే తేలే స్విచ్) నత్త అడ్డం పడో, ఉప్పు గడ్డకట్టో ఇరుక్కుంటే డ్రమ్ములో ఉన్నదంతా ట్యాంకులోకి పోతుంది. 15 లీటర్ల డబ్బా మొత్తం పోయినా మీ 220 లీటర్లలో ఉప్పదనం 35 నుంచి 33 దగ్గరకు దిగుతుంది, జీవులు ఓర్చుకుంటాయి. అదే 60 లీటర్లు పోతే 27.5కు పడిపోతుంది, సంప్ కూడా పొంగుతుంది. జనవరిలో మనకు మే నెలంత ఆవిరి ఉండదు, ఫ్యాన్లు కూడా అక్కరలేదు. బయలుదేరే ముందు వారంలో రోజుకు ఎంత తగ్గుతున్నదో గీత పెట్టి చూసుకుంటే 15 లీటర్లు సరిపోతాయో లేదో మీకే తెలుస్తుంది. సరిపోకపోతే వారం మధ్యలో ఒకసారి పక్కింటివారి చేత డబ్బా నింపించండి, చేపల మేత మాత్రం వారికి అప్పగించవద్దు. కావాలంటే రోజువారీ పొట్లాలు కట్టి ఇవ్వండి. ఆ నెలలో మన రాత్రులు చల్లగా ఉంటాయి కనుక 150 లేదా 200 వాట్ల హీటరును సంప్‌లో, పంపు ఆగినా నీరు తగ్గని అరలో పెట్టి, చిల్లరు 26.5 దగ్గర మొదలయ్యేలా, హీటరు 24.5 దగ్గర మొదలయ్యేలా ఒకే కంట్రోలరు మీద అమర్చండి. రెండిటి మధ్య ఆ దూరం లేకపోతే అవి రెండూ ఒకదానితో ఒకటి పోటీపడి రాత్రంతా తిరుగుతాయి.